మా అమ్మను చూడటానికి కువైట్ పోనివ్వండి: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

భారత విదేశాంగ శాఖ మంత్రి డాక్టర్ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారం.

మా అమ్మ కువైట్‌లో ఇంటి పని చేస్తుంది. మా వైపు ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. రాజంపేట, కోడూరు, రాయచోటి చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా ఆ దేశానికి పోయిన ఆడవాళ్ల ఇళ్లు కనిపిస్తాయి. అటు గోదావరి జిల్లాల్లో నరసాపురం, రాజోలు వైపూ అంతే. అక్కడ ఇంటి పని చేసే ఆడవాళ్లను ఖద్దామాలంటారు. మా ఊళ్లోనూ అదే మాట అలవాటైపోయింది.

2008లో అమ్మ వెళ్లేనాటికి నాకు ఎనిమిదేళ్లు. నాన్న చనిపోయి ఏడాది అయింది. మూడు బోర్లు వేస్తే ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు, ఆ అప్పు అలాగే ఉండిపోయింది. చిన్నాయన అమ్మను చెన్నై ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాడు. నేను ఏడుస్తానని అవ్వ నన్ను పొలానికి తీసుకుపోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మ లేదు.

ఈ పదిహేడేళ్లలో అమ్మ నాలుగుసార్లు ఇంటికి వచ్చింది. ఆ నాలుగుసార్లూ కలిపితే ఏడు నెలలు కూడా నిండవు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో మీకు చెప్పలేను.

నేను అడగబోయేది చిన్న విషయమే. అమ్మ ఉండే చోటికి నేను వెళ్లి చూసి రావాలి. పది రోజులు చాలు. నాకు అక్కడ ఉద్యోగం వద్దు, అక్కడే ఉండిపోవాలనీ లేదు. నాకు ఇక్కడ స్కూలుంది, అవ్వ ఉంది. చెన్నైలో విమానం ఎక్కితే ఐదు గంటల ప్రయాణం. టికెట్ డబ్బులు చీటీ పాడి పక్కన పెట్టుకుని మూడేళ్లయింది. లేనిది వీసా ఒక్కటే.

2022లో కువైట్ వాళ్లు ఫ్యామిలీ విజిట్ వీసాలు ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఇస్తున్నారని తెలిసి చాలా సంతోషపడ్డాను. తీరా చూస్తే భార్యను, పిల్లలను, తల్లిదండ్రులను పిలిపించుకోవాలంటే నెల జీతం 400 దినార్లు ఉండాలన్నారు. మా అమ్మ జీతం 130 దినార్లు. మన డబ్బులో 35 వేలు దాటుతుంది, అది మమ్మల్ని బతికించింది. కానీ ఆ దేశంలో ఇంటి పనివారికి చట్టం పెట్టిన కనీస జీతమే 60 దినార్లు. అలాంటప్పుడు 400 ఏ ఖద్దామాకు వస్తుంది? 2025లో ఆ జీతం షరతు తీసేశారని విని తెలిసినవాళ్ల చేత మళ్లీ అడిగించాను. ఇంటి పని వీసా మీద ఉన్నవాళ్లు ఎవరినీ పిలిపించుకోలేరని చెప్పారు. అక్కడే కంపెనీలో పనిచేసే మా ఊరి అన్న వాళ్ల ఆవిడ మాత్రం వెళ్లి నెల రోజులు ఉండి వచ్చింది. ఆమె వెళ్లినందుకు నాకు సంతోషమే. అదే దేశంలో చెమటోడుస్తున్న మా అమ్మకు ఆ హక్కు ఎందుకు లేదన్నదే నా బాధ.

అమ్మే రావచ్చు కదా అని మీరు అడగవచ్చు. 2015లో కువైట్ ఇంటి పనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి, ఏడాదికి ముప్పై రోజులు జీతంతో సెలవివ్వాలి, పనిచేసేవాళ్లు ఒప్పుకోకుండా వాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ అందులో ఉన్నాయి. మంచి చట్టం. కానీ అమ్మ పాస్‌పోర్టు అమ్మ చేతిలో ఉందని నేనెప్పుడూ వినలేదు. ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారు. అమ్మకు జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్తారు, పండక్కి చీరల డబ్బులిస్తారు. వాళ్ల పిల్లలు ముగ్గురినీ అమ్మే పెంచింది. అయినా ఊరికి పోతానంటే ‘రంజాన్ అయ్యాక చూద్దాం’, ‘పాప పరీక్షలు కానీ’ అంటారు. గట్టిగా అడిగితే పని పోతుందేమోనని అమ్మ ఊరుకుంటుంది.

2021 నవంబర్ 19 తెల్లవారుజామున మా చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్లను నీళ్లు ముంచెత్తాయి. చాలామంది కొట్టుకుపోయారు. మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. నేనూ అవ్వా పక్కింటి మిద్దె మీద కూర్చున్నాం. ఫోన్లు పనిచేయక రెండు రోజులు అమ్మకు మా కబురు అందలేదు. వాట్సాప్‌లో తిరుగుతున్న వరద వీడియోలలో మా కోసం వెతుక్కుంటూ అమ్మ అక్కడ వంట చేసింది. వస్తానని ఏడ్చి అడిగితే, కోవిడ్ రోజులు, ఇప్పుడు పోతే తిరిగి రానిస్తారో లేదో అని భయపెట్టారు. ఆ భయం వట్టిదీ కాదు. అంతకుముందు ఏడాది మన దేశం నుంచి నేరుగా ఎవరినీ రానివ్వకుండా ఆపేశారు కదా. అమ్మ రాలేదు. బురద ఎత్తిపోసి, తడిసిన బియ్యం పారబోసి, ఇల్లు మేమే సర్దుకున్నాం.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 40 మందికి పైగా మనవాళ్లు చనిపోయారు. టీవీలో చూడగానే టెన్షన్‌తో అమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎక్కడని వెతకాలి? అమ్మ ఉండే ఏరియా పేరు తప్ప నాకేమీ తెలియదని అప్పుడు అర్థమైంది. అక్కడ చిరునామా అంటే బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు. ఆ మూడింటిలో ఒక్కటీ నా దగ్గర లేదు. రాత్రికి ఫోన్ చేసినప్పుడు అడిగితే అమ్మ కూడా చెప్పలేకపోయింది. అమ్మ చదువుకోలేదు, ఒంటరిగా ఆ గేటు దాటి ఎప్పుడూ పోలేదు. నేను ఒక్కసారి వెళ్లి వస్తే నాకు ఆ ఇల్లు తెలుస్తుంది, ఆ మేడమ్ మొహం తెలుస్తుంది, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. అమ్మకు ఒక బిడ్డ ఉందని, ఆ బిడ్డ వచ్చి చూసి వెళ్లిందని వాళ్లకూ తెలుస్తుంది.

వీసా ఒక్కటే ఇచ్చినా సరిపోదని కూడా నాకు తెలుసు. అమ్మది వంటింటి వెనక చిన్న గది. ఒకసారి ఫోన్ గుండ్రంగా తిప్పి చూపించింది. రెండు ఇనుప మంచాలు, ఒక బీరువా, కిటికీ లేదు. రెండో మంచం ఫిలిప్పీన్స్ ఆమెది. నేను అక్కడ దిగలేను. ఫర్వానియాలో మా ఊరివాళ్లు ఉన్నారు, వాళ్లింట్లో ఉంటాను. కానీ అమ్మకు వారంలో ఒక్క రోజైనా బయటికొచ్చే సెలవు లేకపోతే నేను అంత దూరం పోయీ ఫోన్లోనే మాట్లాడాలి. అందుకే వీసా, వారం సెలవు, పాస్‌పోర్టు, ఈ మూడింటినీ కలిపే అడుగుతున్నాను.

మంత్రి గారూ, మీరు 2021 జూన్‌లో కువైట్ వెళ్లినప్పుడే ఇంటి పనివారి గురించి రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ వార్తను అమ్మకు నేనే చదివి వినిపించాను. ఆ ఒప్పందం ఎలా అమలవుతోందో చూడటానికి రెండు దేశాల సంయుక్త కమిటీ ఉంది. దాని తర్వాతి సమావేశంలో ఈ విషయం పెట్టించండి. ఇంటి పని వీసా మీద కనీసం రెండేళ్లు పనిచేసినవాళ్లు తమ కన్నబిడ్డలను కొద్ది రోజులకు పిలిపించుకునే వీలు ఇమ్మని అడగండి. తిరుగు టికెట్ చూపించమంటే చూపిస్తాం. డిపాజిట్ కట్టమంటే కడతాం. గడువు దాటితే ఇక ఎప్పుడూ రానివ్వరని రాయించుకున్నా సంతకం పెడతాం. ఏడాదికి ఇవ్వాల్సిన ముప్పై రోజుల సెలవు ఇచ్చారా లేదా అన్నది కాంట్రాక్టు రెన్యువల్ చేసేటప్పుడు తప్పనిసరిగా చూసేలా మాట్లాడండి. యజమాని చెప్పే మాట చాలదు, పనిచేసే ఆమెనే విడిగా అడగాలి.

మన చేతిలోనే ఉన్న పని కూడా ఒకటుంది. మా వీధిలో తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. వాళ్లమ్మా అక్కడే. బాబుకు పాస్‌పోర్టు కావాలంటే తల్లి ఒప్పుకున్నట్టు అఫిడవిట్ రాసి, దాని మీద అక్కడి మన రాయబార కార్యాలయం ముద్ర వేయించి పంపాలి. పిల్లల్ని ఎవరూ దొంగచాటుగా దాటించకూడదని పెట్టిన నియమం అది, తప్పు పట్టను. కానీ ఆమెకు బయటికి వచ్చే సెలవు ఏది? చూపించడానికి చేతిలో పాస్‌పోర్టు ఏది? ఇలాంటి తల్లులు వీడియో కాల్‌లోనే అధికారి ముందు ఒప్పుకుంటే చాలు అనే పద్ధతి పెట్టండి. దానికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు.

మా పెద్దమ్మ 1990లో అక్కడే ఉంది. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్‌కు చేరింది. మన ప్రభుత్వం పంపిన ఎయిర్ ఇండియా విమానంలో ఇంటికొచ్చింది. అలా లక్షా 70 వేల మందికి పైగా తెచ్చారు. ‘గవర్నమెంటోళ్లు మా కోసం విమానం పంపినారు’ అని చనిపోయేదాకా గొప్పగా చెప్పేది. ఆ మాటలు వింటూ పెరిగినదాన్ని కాబట్టే ఈ ఉత్తరం మీకు రాసే ధైర్యం చేశాను.

దీని నకలు మా ఎంపీ గారికి, రాష్ట్ర ప్రభుత్వానికి కూడా పంపుతున్నాను. మీ కార్యాలయం నుంచి జవాబు ఏ భాషలో వచ్చినా పర్వాలేదు. అమ్మకు నేను తెలుగులో చదివి వినిపిస్తాను. అక్కడ పని ముగించుకుని అమ్మ పది గంటలకు ఫోన్ చేస్తుంది. మనకు అప్పుడు రాత్రి పన్నెండున్నర అవుతుంది. నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
రాజంపేట దగ్గరి పల్లె నుంచి
ఒక ఖద్దామా కూతురు