వంకర లేని రొయ్య

వీరవాసరం,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఫోన్లో చెబుదామంటే మీ నాన్న మధ్యలో ఫోను లాక్కుని చెరువు కబుర్లు మొదలెడతాడు. ఈలోపు నీ డ్యూటీ టైమైపోతుంది. అందుకే కాగితం మీద రాసి, పక్కింటి కుర్రాడితో ఫొటోలు తీయించి పంపిస్తున్నాను. అక్షరాలు అర్థం కాకపోతే మళ్లీ అడుగు.

పెళ్లిరోజుకి నువ్వు పంపిన డబ్బులతో చీర కొనుక్కోమన్నావు కదా. కొనుక్కోలేదు. భీమవరం జువ్వలపాలెం రోడ్డులో కొత్తగా సుషీ అనే జపాన్ తిండి హోటల్ పెట్టారని తెలిసింది. రెండేళ్లుగా నువ్వు ఒసాకా నుంచి ఫొటోలు పెడుతున్న ఆ తిండేమిటో ఒకసారి నోట్లో పెట్టుకుని చూద్దామనిపించింది. మీ నాన్నని బతిమాలి లేవదీశాను. మా వదినని పిలవలేదు గానీ ఆవిడే వచ్చింది. మీ అత్త సంగతి నీకు తెలిసిందేగా, బయట తిండి అంటే దండగ అంటుంది, బస్సు మాత్రం మనకంటే ముందు ఎక్కేస్తుంది.

హోటల్ చిన్నదే. పన్నెండు కుర్చీలు, చలి పుట్టేంత ఏసీ. నువ్వు చెప్పిన, పళ్లేలు తిరుగుతూ మన ముందుకొచ్చే బల్ల లేదు. అలాంటి బల్ల 1958లో మీ ఒసాకా దగ్గరే మొదలైందట కదా. ఇక్కడ గాజు బల్ల వెనకాల నిలబడి ఒక కుర్రాడు చేసిస్తున్నాడు. డార్జిలింగ్ వైపు వాడు. హైదరాబాదులో నాలుగేళ్లు పనిచేసి వచ్చాడట, "అక్కా, కారం తక్కువ, పర్లేదా?" అని మన భాషలోనే అడిగాడు.

మీ అత్త పచ్చి చేప పేరెత్తగానే మొహం తిప్పేసుకుంది. ఆవిడకి కీరదోసకాయ పెట్టి చుట్టిన ముక్కలు చెప్పాం. పైన నల్లగా చుట్టి ఉన్నది సముద్రపు నాచని, దాన్ని ముక్కలుగా తరిగి కాగితంలా పరిచి ఎండబెడతారని ఆ కుర్రాడు చెప్పాడు. అత్త దాన్ని వేళ్లతో తడిమి చూసి, "ఆత్రేయపురం పూతరేకు మసిబారినట్టుందే" అంది. అన్నంతో పాటు ఆరూ తినేసింది. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ పోలిక భలే కుదిరింది. ఆ నాచు కూడా పూతరేకులాగే చెమ్మ తగిలితే మెత్తబడిపోతుంది. అందుకే ఆ కుర్రాడు "మాట్లాడుకోవడం తర్వాత, ముందు తినండి" అని తొందరపెట్టాడు.

అన్నం నాకు మొదట నచ్చలేదు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ బియ్యం తిన్న నోరిది. మెతుకు మెతుకూ విడిగా ఉండాలి. వాళ్ల బియ్యం పొట్టివి, ఉడికితే ఒకదానికొకటి అంటుకుంటాయి. అలా అంటుకోకపోతే ముద్ద నిలబడదట. అందులో వెనిగరు, కొంచెం పంచదార, ఉప్పు కలుపుతారు. అటు పులిహోర కాదు, ఇటు చద్దన్నమూ కాదు. సుషీ అంటే చేప అనుకున్నాను నేను. ఆ పేరు ఈ పుల్లటి అన్నానిదేనట. పూర్వం ఉప్పు చేపని అన్నంలో కూరి నెలల తరబడి ఊరబెట్టి, పులిసిన అన్నం పారేసి చేప ఒక్కటే తినేవారట. చేప తిని అన్నం పారేసే మనుషులు కూడా ఉంటారా అని మీ అత్తకి ఇంకా ఆశ్చర్యంగానే ఉంది.

ఇక మీ నాన్న. చెరువుల మీద బతికినవాడు కదా, పచ్చి చేప దగ్గర పోలీసులా ప్రశ్నలేశాడు. ఎక్కడిది, ఎప్పుడు పట్టారు, ఐసులో ఎన్నాళ్లుంది. అది నార్వే నుంచి గడ్డకట్టించి తెచ్చిన సాల్మన్ చేపట. మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచితే లోపలి పురుగులు చచ్చిపోతాయట. "మన బొచ్చెనీ శీలావతినీ ఇలా తినాలని ఎవరికైనా బుద్ధి పుడితే ఆసుపత్రిలో తేలతారు" అన్నాడు మీ నాన్న, అక్కడికి మేమేదో సిద్ధంగా కూర్చున్నట్టు. కుర్రాడు ఇంకో మాట కూడా చెప్పాడు. జపాన్ వాళ్లు మునుపు సాల్మన్‌ని పచ్చిగా తినేవారు కాదట. 1980ల్లో నార్వే వాళ్లే వెళ్లి వాళ్లకి అలవాటు చేశారట. అది విని మీ నాన్న కాసేపు మాట్లాడలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు మన రొయ్య ధర ఎలా పడిపోయిందో ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. "చూశావా, తినేవాడిని తయారుచేసుకున్నారు వాళ్లు. మనం పెంచడం ఒక్కటే నేర్చుకున్నాం" అన్నాడు.

పళ్లెంలో ఆకుపచ్చ ముద్ద కొంచెం ఉంటే వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. ముక్కులోకి ఘాటెక్కింది. కళ్లు తుడుచుకుని, "ఇది ఆవే" అని తేల్చేశాడు. పనసపొట్టు కూరలో మా అత్తగారు పచ్చి ఆవ నూరి పెడితే అచ్చం ఇలాగే ఎక్కేది. కుర్రాడు నవ్వి, ఆ ముద్ద పేరు వసాబి అని, దానిది కూడా ఆవాల జాతేనన్నాడు. ఆ తర్వాత మీ నాన్నకి ఆ హోటల్ మీద కొంచెం గౌరవం పెరిగింది. చేప ముక్కలు చేత్తో తినొచ్చన్నారు, పుల్లలతో పట్టుకుని తినే గొడవ తప్పింది. నాకు చేప వెన్నలా మెత్తగా అనిపించింది, అంతే. పులుసు పెట్టని చేప నా లెక్కలో సగం చేపే.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇప్పుడొస్తుంది.

చివర్లో టెంపురా రోల్ వచ్చింది. పిండిలో ముంచి వేయించిన రొయ్యని మధ్యలో పెట్టి అన్నం చుట్టారు. ఒక చివర్లోంచి ఎర్రటి తోక బయటికి కనబడుతోంది. ఆ తోక పట్టుకుని రొయ్యని బయటికి లాగాను. స్కేలులా తిన్నగా ఉంది. మనింట్లో ఎప్పుడైనా తిన్నగా ఉన్న రొయ్యని చూశావా? వేడి తగిలితే ఉంగరంలా చుట్టుకుపోదూ! పైనున్న పిండి పెచ్చుని గోటితో వలిచి, పొట్ట వైపు తిప్పి చూశాను. గాట్లు. అడ్డంగా, సమానమైన ఎడంలో, నాలుగు.

అమ్మలూ, అలాంటి గాట్లు పెట్టి మూడేళ్లు బతికాను నేను.

నువ్వు ఆరో తరగతిలో ఉండగా రొయ్యల ప్లాంటుకి వెళ్లేదాన్ని, గుర్తుందా? తెల్లకోటు, టోపీ, మోకాళ్ల దాకా గంబూట్లు. తల తీసి, తోక వదిలి పొలుసు వలిచిన రొయ్య మా బల్ల మీదకి వచ్చేది. దాన్ని వెల్లకిలా పెట్టి చిన్న కత్తితో గాట్లు పెట్టాలి. లోతెక్కువైతే తెగిపోతుంది, తక్కువైతే వంకర పోదు. తర్వాత బోర్లా తిప్పి మునివేళ్లతో నొక్కుకుంటూ రావాలి. లోపల టిక్కుమంటుంది. చెవికి వినబడదు, వేలికే తెలుస్తుంది. అప్పుడు సాగుతుంది. ట్రే మీద గీత ఉండేది, ఆ గీత దాకా రావాలి. తెగినవాటికి కూలిలో కోత. ఐసు నీళ్లకి వేళ్లు పగిలి, సాయంత్రం అన్నం కలుపుకుంటే కారం మండేది.

ఆ రకాన్ని నోబాషి అనేవారు. అదేదో ఊరి పేరనుకునేవాళ్లం. సాగదీయడమని అర్థమట, మొన్న ఆ కుర్రాడు చెబితే తెలిసింది. "జపాన్ వాళ్లకి వంకర రొయ్య పనికిరాదు" అనేవాడు సూపర్‌వైజర్. ఎందుకో ఆయనకీ తెలియదు. వాళ్ల పళ్లేలు కోలగా ఉంటాయేమోనని నవ్వుకునేవాళ్లం. అన్నేసి వేల రొయ్యల్ని సాగదీశాను గానీ, వాటినేం చేసుకుంటారో ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పొద్దున్నే జడ వేస్తుంటే "అమ్మా, నీ చేతులు రొయ్యల వాసన" అని నువ్వు తల పక్కకి లాక్కునేదానివి. నిమ్మచెక్కతో రుద్దినా పోయేది కాదు. కోపంతో రాయడం లేదు, గుర్తొచ్చి రాస్తున్నాను.

నేను మొహం అలా పెట్టేసరికి, బాగోలేదేమోనని ఆ కుర్రాడు కంగారుపడ్డాడు. సంగతి చెప్పాను. లోపలికి వెళ్లి గడ్డకట్టిన ట్రే ఒకటి తెచ్చి చూపించాడు. ఇరవై రొయ్యలు, బారుగా పడుకోబెట్టి ఉన్నాయి. ఇక్కడి సరుకేనట. మీ అత్త వంగి చూసి, "ఇవన్నీ నువ్వు చేసేదానివా?" అని అడిగింది. ఆవిడ నా పని గురించి అడగడం అదే మొదటిసారి.

బిల్లు 1,640 అయింది. మీ నాన్న బయటికొచ్చాక రొయ్యకి ఎంత పడిందో లెక్కేసి, బస్సెక్కేదాకా ఆ లెక్కే చెప్పాడు.

నువ్వు అక్కడ గడ్డకట్టిన రొయ్యలు కొంటావు కదా. ఈసారి ప్యాకెట్టు వెనక ఇండియా అని ఉంటే ఫొటో తీసి పంపు. నేను మానేసి పదేళ్లయింది, అవి నా గాట్లు కావులే. అయినా ఒక రొయ్యని వెల్లకిలా పెట్టి, పొట్ట వైపు దగ్గరగా తియ్యి. గాట్లు లెక్కపెట్టేలా కనబడాలి.

మీ అమ్మ