ఎస్ప్రెస్సో మిషన్ కొనేముందు మీ చేయి ఎంత తిరిగిందో చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంట్లో పెట్టుకునే ఎస్ప్రెస్సో మిషన్ల గురించి వేశారు. ఫొటోలు బాగున్నాయి, రేట్లు కూడా ఇచ్చారు, కానీ చదువుతున్నంతసేపూ నాకు ఒకటే దిగులు, ఇది చూసి ఎంతమంది వేలకు వేలు పోసి కొనేసి నెల తిరక్కుండానే దాన్ని అటక ఎక్కిస్తారో అని. ఏ మిషన్ మంచిదో రాశారు గానీ ఎవరికి ఏది మంచిదో రాయలేదండీ. రెండు మిషన్లు చూసిన ఇల్లు మాది, అందుకే రాస్తున్నా.

మాది విజయవాడ. ఇంట్లో నలుగురం, పొద్దున్న ఆరింటికల్లా కాఫీ పడాలి. మా అత్తగారు ఇప్పటికీ రాత్రే ఇత్తడి ఫిల్టర్లో పొడి వేసి డికాషన్ దింపుకుంటారు, ఆవిడ కాఫీకి నేను వంక పెట్టను. మూడేళ్ల కింద మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ బట్టలు తగ్గించుకుని మరీ సూట్‌కేసులో ఒక మిషన్ సర్దుకొచ్చాడు. ప్లగ్గుకి అడాప్టర్ పెట్టి స్విచ్ వేశాం, నిమిషం కాలేదు, కాలిన వాసన, అంతే, చచ్చిపోయింది. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజి మార్చదు, ఆ సంగతి అప్పుడు మాకెవ్వరికీ తట్టలేదు. వోల్టేజి రెండింతలు దగ్గరపడితే హీటర్ లాగే పవర్ దాదాపు నాలుగింతలవుతుంది, ఇంక ఏం మిగులుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చంటారు గానీ 1500 వాట్ల మిషన్‌కి సరిపడేది కొంటే దాని బరువుకే వంటగట్టు మీద చోటుండదు, పైగా అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50, పంపు కూడా తేడాగా నడుస్తుంది. అమెరికాలో పిల్లలున్న అమ్మానాన్నలు ముందు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి, మిషన్ మోసుకురావద్దనండి, ఇక్కడే కొనుక్కుందామనండి.

తర్వాత ఇక్కడే ఒక సెమీ ఆటోమేటిక్ కొన్నాం. మిషన్‌లో లోపమేం లేదు. నేను ఎప్పుడూ పొడి పట్టించుకునే కొట్టులోంచి ఫిల్టర్ కాఫీ పొడి తెచ్చి, బాస్కెట్, అంటే మిషన్‌కి తగిలించే జల్లెడ గిన్నె, నిండా వేసి, నొక్కి, బటన్ వేశా. కప్పు తొమ్మిది సెకన్లలో నిండిపోయింది, టీ నీళ్లలా పల్చగా, పుల్లగా. మర్నాడు అదే పొడిని మిక్సీలో ఇంకాస్త మెత్తగా చేసి వేస్తే చుక్క కూడా దిగలేదు, మోటరు మూలుగుతోంది, కప్పు ఖాళీ. చికోరీ కలిపిన పొడితో అయితే బాస్కెట్ బంకలా పట్టేసింది, దాన్ని సూదితో గీక్కోవాల్సొచ్చింది. వారం రోజులు అలాగే గడిచాక మావారు మిషన్ తిరిగి ఇచ్చేద్దామన్నారు, నేనూ సరే అనబోయా.

అప్పుడు అర్థమైంది, తప్పంతా పొడిలో ఉంది. ఎస్ప్రెస్సో అంటే దాదాపు 93 డిగ్రీల నీళ్లని 9 బార్ల ఒత్తిడితో పొడిలోంచి తోయడం. 18 గ్రాముల పొడికి సుమారు 36 గ్రాముల కాఫీ, అది 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. ఆ సెకన్లు మీ చేతిలో ఉండాలంటే పొడి ఎంత సన్నగా ఉండాలో మీరే తిప్పుకోవాలి, ఇడ్లీ రవ్వకీ దోసెల పిండికీ ఎంత తేడా ఉంటుందో తెలుసు కదా, ఇక్కడ ఆ తేడా ఇంకా సన్నం, కాఫీ గింజలు పొడి చేసే గ్రైండర్ చుట్టుని ఒక్క గీత జరిపితే ఐదారు సెకన్లు మారిపోతాయి. మిక్సీ బ్లేడు గింజని ముక్కలు చేస్తుంది, కొంత దుమ్ము, కొంత రవ్వ. దుమ్ము పట్టేస్తుంది, రవ్వలోంచి నీళ్లు పారిపోతాయి. చేత్తో తిప్పే మంచి గ్రైండర్ ఒకటి తెచ్చుకున్నా, చిన్న కాటా ఒకటి. మూడోరోజు ముందు తేనెలా చిక్కగా, నల్లగా, తర్వాత పులిచారల్లా ఎర్రగా సన్నటి ధార దిగుతుంటే నేను అలా చూస్తూ నిలబడిపోయా. మిషన్ అదే, మారిందల్లా గ్రైండరే.

అందుకే నా మాట, మీ దగ్గరున్న డబ్బుని మిషన్ ఒక్కదానికే పోయకండి, ముందు గ్రైండర్‌కి తీసిపెట్టి మిగిలిందాంతో మిషన్ చూడండి.

ఇంక ఎవరికి ఏది అంటారా. పొద్దున్నే బస్సు పట్టుకోవాలి, నేర్చుకునే ఓపిక లేదు అనుకుంటే బటన్ నొక్కితే గింజ పొడి చేసి కాఫీ పోసే ఫుల్ ఆటోమేటిక్ తీసుకోండి, అందులో చిన్నతనమేం లేదు. ఖరీదెక్కువ, లోపల శుభ్రం చేయడం బద్ధకిస్తే బూజు పడుతుంది, అంతే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, ఇంకా గ్రైండర్ కొనలేనివాళ్లు డబుల్ వాల్ బాస్కెట్ ఇచ్చే చిన్న మిషన్ తీసుకోవచ్చు, ఆ బాస్కెట్ అడుగున ఒకే ఒక్క సన్న రంధ్రం ఉంటుంది, ఒత్తిడి అదే పుట్టిస్తుంది కాబట్టి కొట్టు పొడితో కూడా తాగేలా వస్తుంది. పైన కనిపించే నురుగు చూసి అదే అసలు క్రీమా, అంటే మంచి ఎస్ప్రెస్సో మీద తేలే నురుగు, అనుకోవద్దు గానీ మొదటి ఆరు నెలలకి అది చాలు. కొనేటప్పుడు అడుగంతా రంధ్రాలుండే సింగిల్ వాల్ బాస్కెట్ కూడా దానికి దొరుకుతుందో లేదో అడగండి, చేయి తిరిగాక అదే మిషన్‌తో పైకి ఎక్కొచ్చు. చేయి తిరిగి, గ్రైండర్ కూడా ఉన్నవాళ్లకి వేడిని నిలకడగా ఉంచే పీఐడీ ఉన్న మిషన్ నిజంగా పనికొస్తుంది. లీవర్‌తో చేత్తో నొక్కేవి ఉంటాయి, వాటిలో కొన్నిటికి కరెంటు అక్కర్లేదు, ప్రతి షాటూ, అంటే ఒకసారి దింపే కాఫీ, చేతి లెక్కే, రోజుకి ఒకటి రెండు కప్పులు తీరిగ్గా చేసుకునేవాళ్లకి అవి చాలా బాగుంటాయి, మాలాంటి ఇంటికి కాదు.

డబ్బా మీద 15 బార్లు, 20 బార్లు అని పెద్దగా రాస్తారు, దాన్ని చూసి మోసపోవద్దండీ. అది పంపు గరిష్ఠంగా ఎంత తొయ్యగలదో చెప్పే లెక్క, కాఫీకి కావాల్సింది 9 దగ్గరే. ఇటలీలో ఫేమా వాళ్లు 1961లో మోటరు పంపుతో తెచ్చిన ఈ61 మిషన్ కూడా ఆ 9 బార్ల మీదే నడిచింది.

మన ఇళ్లలో అసలు చిక్కు పాల దగ్గర. సింగిల్ బాయిలర్, అంటే నీళ్లు కాగే పాత్ర ఒక్కటే ఉన్న మిషన్ అయితే, కాఫీ దింపాక స్టీమ్ కోసం వేడెక్కేదాకా ఆగాలి, పాలు నురగపెట్టాక మళ్లీ కాఫీకి చల్లారేదాకా ఆగాలి. ఇద్దరికి పర్లేదు, చుట్టాలొచ్చి ఆరు కప్పులంటే మొదటివాళ్ల కాఫీ తాగేయడం అయిపోతుంది చివరివాళ్లకి ఇంకా రాదు. రోజూ నలుగురికి పాల కాఫీ కావాలంటే కాఫీ, స్టీమ్ రెండూ ఒకేసారి ఇచ్చే హీట్ ఎక్స్‌ఛేంజరో డబుల్ బాయిలరో ఉన్న మిషన్ చూడాలి, అంత పెట్టలేమంటే మోకా పాట్ తీసుకోండి, గ్యాస్ మీద పెట్టేది, ఇటలీలో 1933 నుంచీ ఉంది. దాని ఒత్తిడి ఒకటి రెండు బార్లే, ఎస్ప్రెస్సో అనలేం, కానీ గేదెపాలు పోసుకుని తాగేవాళ్లకి ఆ చిక్కదనం చక్కగా సరిపోతుంది, నేను మా చెల్లెలికి అదే కొనిపెట్టా.

నీళ్ల మాట కూడా వేయాల్సింది మీరు. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది, గీజర్‌కి పట్టినట్టే. ఫిల్టర్ చేసిన నీళ్లే పోయాలి, సున్నం తీయడానికి నిమ్మ ఉప్పు వేయొచ్చో లేదో మిషన్‌తో ఇచ్చిన పుస్తకం చూసుకోవాలి, ఎందుకంటే లోపల అల్యూమినియం బాయిలర్ ఉంటే అన్నీ పడవు.

గింజలకి ఎక్కడికో పోనక్కర్లేదు. మన అరకు అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు తెరిచారు, గిరిజన రైతులు పండించిన గింజ అది. పొడి కాకుండా గింజలే కొనండి, ప్యాకెట్ మీద వేయించిన తారీఖు లేకపోతే అడగండి. వేయించాక ఓ వారం ఆగి, నెలన్నర లోపు వాడుకుంటే బాగుంటుంది.

మా అత్తగారు మొన్న నా షాట్‌లో పాలు కలిపిస్తే తాగి, బాగుందే కానీ నా ఫిల్టర్ తీసేయకు అన్నారు. తీయను, రెండూ గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి.

ఈసారి మిషన్ల గురించి వేసేటప్పుడు ఆ రేట్ల పట్టికలో గ్రైండర్‌కి కూడా ఒక గడి పెట్టండి, ఏ మిషన్ కొత్తవాళ్లకో ఏది చేయి తిరిగినవాళ్లకో పక్కనే ఒక మాట రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయవాడ.