ఆ బోర్డు మార్చకు, మామా

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చదివాను. వీడియో ఎడిట్ చేస్తుంటే టైమ్‌లైన్ మొరాయిస్తోందని, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోందని, ఇక మొత్తం తీసేసి కొత్త పీసీ కొనేస్తానని రాశావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివాకే ఏదైనా ఆర్డర్ పెట్టు.

నువ్వు పంపిన టాస్క్ మేనేజర్ ఫోటో రెండుసార్లు చూశాను. ప్రాసెసర్ సగం ఖాళీగానే ఉంది. మెమరీ మాత్రం గొంతు దాకా నిండిపోయింది, డిస్క్ గ్రాఫ్ ఎగిరెగిరి పడుతోంది. అంటే ర్యామ్‌లో చోటు చాలక విండోస్ నీ సామానంతా డిస్క్‌లోకీ బయటకీ మోస్తూ కూర్చుంది. దాని కిందే ఉన్నాయి అసలు సంగతులు: మొత్తం 8 జీబీ, నాలుగు స్లాట్లలో వాడుతున్నది ఒకటి, స్పీడ్ 2133. అవి చూడగానే కడుపు మండిపోయింది రా. ఇన్నేళ్ళూ ఆ మెషీన్‌ని ఒంటికాలి మీద నడిపించావు. దాన్ని బిగించి ఇచ్చినవాళ్ళు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

ఒంటికాలు అని ఊరికే అనడం లేదు. నీ మదర్‌బోర్డుకి మెమరీతో మాట్లాడటానికి రెండు దారులున్నాయి. ఒక్కో దారి వెడల్పు 64 బిట్లు, అంటే ఒక్కో విడతకి 8 బైట్లు. ఒకే ర్యామ్ స్టిక్ పెడితే రెండో దారి మూసేసినట్టే. స్పీడ్ 2133 అంటే సెకనుకు అన్ని మిలియన్ల విడతలు, దాన్ని 8తో గుణిస్తే సెకనుకు దాదాపు 17 జీబీ. నీకిప్పుడు అందుతున్నది అంతే. అదే 3200 స్పీడుది జత పెడితే 51.2 జీబీ. మూడింతలు! ప్రాసెసర్ ముట్టుకోకుండానే.

కాబట్టి మొదటి ఖర్చు ర్యామ్ మీదే పెట్టు. 16 జీబీవి రెండు, ఒకే పెట్టెలో జతగా వచ్చేవి తీసుకో. ఉన్నదానికి తోడు ఇంకో 8 జీబీ ముక్క కొందామని అనిపిస్తుంది, వద్దు. వేర్వేరు స్టిక్కులు కలిపితే అన్నీ వాటిలో నెమ్మదిగా ఉన్నదాని స్పీడుకే దిగుతాయి, ఒక్కోసారి అసలు పొసగవు. డబ్బా మీద స్పీడ్ పక్కన సీఎల్ అని ఇంకో నంబర్ ఉంటుంది, దాన్ని చాలామంది చూడరు. ఆ నంబర్‌ని 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే, అడిగిన డేటా మొదలవడానికి ఎన్ని నానోసెకన్లు పడుతుందో వస్తుంది. 3200 సీఎల్16కి 10 వస్తుంది, 3600 సీఎల్18కీ 10 వస్తుంది. 3200 సీఎల్22కి మాత్రం 13.75. నువ్వు మొదటిదే కళ్ళు మూసుకుని తీసుకో. రంగురంగుల లైట్లు, పైన ఎత్తుగా రెక్కలు ఉన్నవి వద్దు, ఎందుకో కూలర్ దగ్గర చెబుతాను.

ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టు. పక్కపక్కన పెడితే మళ్ళీ ఒకే దారి మీద పడతాయి. రెండు చివర్లా క్లిక్‌మనే దాకా నొక్కు, భయపడకు, కాస్త బలమే కావాలి. తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవక ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి, ర్యామ్‌ని డబ్బా మీది స్పీడుకి నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యి. కొన్ని ఏఎమ్‌డీ బోర్డుల్లో దాన్నే డీవోసీపీ అంటారు. అది ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ కూడా 2133 దగ్గరో 2400 దగ్గరో తిరుగుతుంది. ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకో. పొద్దున్నకి ఒక్క ఎర్రగీత కనిపించినా ఆ జత వెనక్కి పంపెయ్.

ఇక ప్రాసెసర్. నీ దగ్గరున్నది రైజెన్ 5 2600, 2018 నాటిది, బీ450 బోర్డు మీద. ఆ బోర్డులో చిప్ కూర్చునే ఏఎమ్4 సాకెట్ మీద నాకు అభిమానం లేకపోలేదు. 2017లో మొదటి రైజెన్ పెట్టిన సాకెట్‌లోనే 2022లో వచ్చిన చిప్ కూడా కూర్చుంటుంది. ఇంటెల్‌లో రెండు మూడు తరాలకోసారి బోర్డే మార్చాల్సి వస్తుంది. నువ్వు దాని తర్వాతి సాకెట్ ఏఎమ్5కి మారతానంటున్నావు కదా, అది డీడీఆర్5 రకం ర్యామ్ తప్ప ఇంకోటి తీసుకోదు. అంటే చిప్, బోర్డు, ర్యామ్ మూడూ కొత్తవే కొనాలి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీనంతా మింగేస్తుండటంతో ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. నీ బోర్డుకి పట్టే డీడీఆర్4 రేటూ పెరిగింది, కాదనను. కానీ ర్యామ్ ఒక్కటి కొనడం వేరు, దానితో పాటు బోర్డూ చిప్పూ కొనడం వేరు.

నా మాట వింటే రైజెన్ 7 5700ఎక్స్ తీసుకో. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు. కోర్లు పెరగడం ఒక్కటే కాదు దాని గొప్ప. నీ 2600లో ఆరు కోర్లూ మూడేసి చొప్పున రెండు గదుల్లో ఉన్నట్టుంటాయి, ఒక్కో గదికి 8 ఎంబీ క్యాష్, అంటే చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ. ఈ గదిలోని కోర్‌కి ఆ గదిలోది కావాలంటే బయటికెళ్ళి తెచ్చుకోవాలి. 5700ఎక్స్‌లో ఎనిమిదీ ఒకే గదిలో కూర్చుంటాయి, మధ్యలో 32 ఎంబీ క్యాష్ అందరికీ ఉమ్మడి. బడ్జెట్ అంత లేకపోతే ఆరు కోర్ల 5600 కూడా మంచిదే, దానితో పాటు చిన్న కూలర్ వస్తుంది. నువ్వు ఎక్కువ చేసేది ఎడిటింగ్ కాబట్టి ఎనిమిది అంటున్నాను. గేమ్స్ ఒక్కటే అయితే క్యాష్ ఎక్కువున్న ఎక్స్‌3డీ రకాల గురించి చెప్పేవాణ్ణి.

చిప్ మార్చే ముందు రెండు పనులు తప్పకుండా చెయ్యి. పాత చిప్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యి, లేకపోతే బోర్డు కొత్తదాన్ని గుర్తుపట్టదు. ఇంకోటి, విండోస్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో. తాళం దాచే టీపీఎమ్ ఆ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. చిప్ మారగానే విండోస్ ఆ కీ అడుగుతుంది, లేదంటే నీ ఫైళ్ళు నీకే దక్కవు.

ఇప్పుడు చెప్పేది మరీ జాగ్రత్తగా విను. నేను మొదటిసారి కూలర్ తీసినప్పుడు చల్లగా ఉన్న మెషీన్ మీద స్క్రూలు విప్పి నిటారుగా పైకి లాగాను. చిప్ వేడిని కూలర్‌కి దాటించే పాత పేస్ట్ జిగురులా పట్టేసి ఉంది. సాకెట్ లివర్ లాక్ అయ్యే ఉంది, అయినా ప్రాసెసర్ కూలర్‌కి అంటుకునే ఊడి వచ్చేసింది. ఏఎమ్4లో పిన్నులు చిప్‌కే ఉంటాయి, వెయ్యికి పైగా. తిప్పి చూస్తే ఒక మూల రెండు పిన్నులు పక్కకి వాలిపోయి ఉన్నాయి. గుండె జారిపోయింది. లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనలోకి ఒక్కో పిన్ను దూర్చి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టాను. గంట పైనే పట్టింది. వరసలు తిన్నగా ఉన్నాయో లేదో వెలుతురుకి ఎదురుగా పెట్టి ఎన్నిసార్లు చూసుకున్నానో. చివరికి నొక్కకుండానే సాకెట్‌లోకి దిగింది, ఆన్ అయింది. ఆ గంట నీకు రాకూడదు. పది నిమిషాలు ఏదైనా వీడియో రెండర్ పెట్టి పేస్ట్ వేడెక్కనివ్వు. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు మూలకి మూల చొప్పున వదులు చెయ్యి. తర్వాత కూలర్‌ని కుడికీ ఎడమకీ నెమ్మదిగా మెలితిప్పు, కదిలాకే పైకెత్తు. నీ పాత కూలర్ స్క్రూలు బోర్డు వెనకున్న ఇనప పలకలోకే దిగుతాయి, చివరి స్క్రూ వచ్చేటప్పుడు ఆ పలక జారి పడకుండా వెనక చెయ్యి పెట్టు.

5700ఎక్స్‌తో కూలర్ రాదు. దానికి లిక్విడ్ కూలింగ్ అక్కర్లేదు రా, ఎవరేం చెప్పినా. 250 వాట్లు మింగే పెద్ద చిప్‌లకైతే సరే, ఇది 65 వాట్ల తరగతిది. నాలుగు హీట్ పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ చాలు. పంప్ లేదు కాబట్టి పాడయ్యేదల్లా ఫ్యానే, అది మార్చుకోవచ్చు. కొనే ముందు నీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చూడు, ఇవి 150 నుంచి 160 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. ఫ్యాన్ ర్యామ్ మీదకి వస్తుంది, అందుకే ఎత్తు స్టిక్కులు వద్దన్నాను. పేస్ట్ బఠాణీ గింజంత పెట్టి బిగిస్తే అదే పరుచుకుంటుంది. కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పీకడం మర్చిపోకు. ఫుల్ లోడ్‌లో 80 డిగ్రీలు చూపిస్తే టెన్షన్ పడకు, ఆ చిప్ పరిమితి 90.

ముందు ర్యామ్ ఒక్కటే పెట్టి రెండు వారాలు వాడి చూడు. అప్పటికీ రెండర్‌కి ఎక్కువసేపు పడుతుందనిపిస్తేనే ప్రాసెసర్. ఈలోపు క్యాబినెట్ పక్క తలుపు తీసి బోర్డు ఫోటో ఒకటి పంపు. మోడల్ పేరు పక్కన చిన్న అక్షరాల్లో రివిజన్ నంబర్ ఉంటే అది కూడా కనపడాలి. ఏ బయోస్ ఫైల్ దింపాలో నేను చూసి చెబుతాను.

ఉంటాను రా,
నీ మామ