నా వైవాకు ముందే వైవా పెట్టిన అక్కకు కృతజ్ఞతలు

అక్కా, మీ పేరు నాకు తెలియదు. మీరు వేరే డిపార్ట్‌మెంట్ అని మాత్రమే తెలుసు. కాకతీయుల కాలం నాటి చెరువుల మీద నా పీహెచ్‌డీ. వైవా ముందురోజు లైబ్రరీలో స్లైడ్లు చూసుకుంటూ టెన్షన్ పడుతుంటే, మీ పని పక్కనపెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఎగ్జామినర్‌లాగే నిలదీశారు. "1213 నాటి రామప్ప శాసనం సరే. చెరువు ఎప్పుడు తవ్వారో అందులో నేరుగా ఉందా, లేక గుడి తేదీని బట్టి మీరు అనుకుంటున్నారా?" అని అడిగారు. ఆ రాత్రే శాసనంలో ఉన్నదాన్ని, నేను ఊహించినదాన్ని వేర్వేరు స్లైడ్లలో పెట్టాను.

మన దగ్గర వైవా బహిరంగంగా జరుగుతుంది కదా, మా జూనియర్లంతా వచ్చారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ దాదాపు అదే ప్రశ్న వేశారు. గొంతు వణకలేదు. "తెలియనిది తెలియదని చెప్పు, ఆధారం ఎంతవరకో అంతవరకే మాట్లాడు" అన్న మీ మాట పట్టుకునే జవాబు చెప్పాను. బోర్డు డిగ్రీకి సిఫార్సు చేసింది!

థీసిస్ అప్పటికే బైండింగ్ అయి వెళ్లిపోయింది, కృతజ్ఞతల పేజీలో మీరు లేరు. అది నన్ను నిజంగా బాధపెడుతోంది. పుస్తకంగా వేసేటప్పుడు మొదట మీ పేరే ఉండాలి. ఇది చూస్తే దయచేసి చెప్పండి అక్కా.