కుర్చీ ఇచ్చారు సరే, గడప సంగతి?

సంపాదకుడికి,

వికలాంగులకు, వృద్ధులకు చక్రాల కుర్చీలు, ఊతకర్రలు, వినికిడి యంత్రాలు పంచుతున్న ఫోటోలు మన పత్రిక జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషి వెనక నాయకులు, అధికారులు వరుసగా నిలబడి ఉంటారు. ఫోటో తీసిన మర్నాడు ఆ కుర్చీ ఎక్కడుందో ఎవరైనా వెళ్ళి చూశారా? చాలా ఇళ్ళలో అది వరండాలోనే ఉంటుంది. దాని మీద ఉతికిన బట్టలో, బియ్యం సంచో ఉంటుంది. లోపలికి పట్టదు కాబట్టి.

నేను తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో గుమాస్తాగా పనిచేసి మానుకున్నవాణ్ణి. వయసు 68. షుగరు వల్ల ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. భార్య పోయింది. అమ్మాయి బెంగళూరులో ఉంది, వచ్చేయమని పోరుతూనే ఉంది. నేను వెళ్ళను. ఇక్కడ ఉదయం పాలవాడు పలకరిస్తాడు, పదింటికి వంట చేసిపెట్టి వెళ్ళే ఆమె ఊరి కబుర్లన్నీ చెబుతుంది, సాయంత్రం బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దాకా తోడు వచ్చే పాత స్నేహితులు ఉన్నారు. బెంగళూరులో నాకు నాలుగో అంతస్తులో ఒక కిటికీ ఉంది.

‘ఈ వయసులో ఒంటరిగా ఎందుకు సామీ, పిల్లల దగ్గర ఉండొచ్చు కదా’ అని చూసినవాళ్ళంతా అంటారు. లేదంటే ఏదో ఒక ఆశ్రమం పేరు చెబుతారు. నా ఇంట్లో నేను ఉండాలంటే ఏం కావాలని అడిగినవాళ్ళు మాత్రం లేరు. అడగకపోయినా చెబుతాను, కొలతలతో సహా. కొలతలు రాయడమే కదా ఇన్నేళ్ళూ నా ఉద్యోగం.

నా కుర్చీ కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వచ్చింది. 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరులోనే మొదలుపెట్టిన పథకం అది. కుర్చీకి వంక పెట్టను. చక్రాల పక్కనున్న కమ్మీలతో కలిపి దాని వెడల్పు 26 అంగుళాలు. మా స్నానాల గది తలుపు రెండున్నర అడుగులని ఇల్లు కట్టినప్పుడు చెప్పారు. ద్వారబంధం, తెరిచిన తలుపు మందం పోను దారి 24 అంగుళాలే. ఆ రెండంగుళాలు తక్కువైనందుకు నేను గది బయటే కుర్చీ దిగి, నేల మీద జరుగుతూ లోపలికి వెళ్ళవలసి వచ్చేది. ఆ నేలకు వేసింది మా ఊరి బండే, అద్దంలా మెరిసే పాలిష్ బండ. హాల్లో అది అందమే. సబ్బునీళ్ళు పడితే మాత్రం రెండు కాళ్ళున్నవాణ్ణి కూడా నిలవనివ్వదు. అదే బండను పాలిష్ పట్టకుండా గరుకుగా వేస్తే కాలు నిలుస్తుంది, పైగా చవక. ఈ మాట మా పాత యజమానులకు నచ్చకపోవచ్చు.

మేస్త్రీని పిలిపించాను. స్నానాల గదికి మూడడుగుల ద్వారబంధం పెట్టి, తలుపు బయటికి తెరుచుకునేలా బిగించమన్నాను. ‘అందరూ లోపలికే కదా సార్ పెట్టించుకునేది’ అన్నాడు. నేను లోపల పడితే తలుపుకు అడ్డంగానే పడతాను, అప్పుడు దాన్ని లోపలికి ఎవరు తోస్తారని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘మా నాన్నకు అలాగే అయింది సార్, తలుపు పగలగొట్టాల్సి వచ్చింది’ అన్నాడు. ఆ తర్వాత పని చకచకా సాగింది.

పట్టుకునే కడ్డీల దగ్గర మళ్ళీ తగువు. అతడు తువ్వాలు ఆరేసుకునే కడ్డీ పట్టుకొచ్చాడు. చాలా ఇళ్ళలో ముసలివాళ్ళు ఆ కడ్డీ ఆసరాతోనే లేస్తారు. ఒకనాడు అది గోడలోని ప్లాస్టిక్ బిరడాతో సహా ఊడి చేతికి వస్తుంది. తువ్వాలు బరువుకు చేసింది మనిషి బరువు ఆపుతుందా? లావుపాటి స్టీలు పైపు తెప్పించి, పైపూతలో ఆగిపోకుండా ఇటుకలోకి దిగే పెద్ద బోల్టులతో బిగించాం. కమోడు కింద దిమ్మె కట్టి దాన్ని కుర్చీ ఎత్తుకు తెచ్చాం. ఇప్పుడు ఎక్కడం, దిగడం లేదు, పక్కకు జరిగితే చాలు.

గదుల మధ్య గడపలు తీయించడానికి అన్నిటికన్నా ఎక్కువ మాటలు పడ్డాను. ‘పసుపు రాసి బొట్లు పెట్టే గడపను తీయిస్తావా? లక్ష్మి ఇంట్లోకి వస్తుందా?’ అని మా అక్క కోపగించుకుంది. ‘లక్ష్మి సంగతి తర్వాత, ముందు నేను రావాలి కదక్కా’ అన్నాను. చివరికి గడప ఉన్నచోట నేలకు సమంగా పసుపుపచ్చ బండ ఒకటి పరిచాం. పండగకు వచ్చినప్పుడు అక్క దానికే పసుపు రాస్తోంది.

వీధి గుమ్మం మాత్రం నా వల్ల కాలేదు. ఇల్లు రోడ్డు కన్నా అడుగున్నర ఎత్తులో ఉంది. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు చొప్పున వాలు ఉండాలన్నది ప్రమాణం. అంటే 18 అడుగులు కావాలి. గుమ్మానికీ మురుగు కాలువకూ మధ్య నాకున్నది నాలుగడుగులు. చాలా భవనాల ముందు నిటారుగా కట్టే వాలుబాటలు ఈ లెక్కకు అందనివే. వాటి మీద మోటారు సైకిలు ఎక్కుతుంది, కుర్చీ ఎక్కదు. నేను ఇంటి పక్క సందు పొడవునా వాలు వేయించుకుని పెరటి తలుపు గుండా తిరుగుతున్నాను. సొంత ఇంటికి దొడ్డిదారిన రాకపోకలన్నమాట. అయినా ఎవరి చేయీ పట్టుకోనక్కరలేదు.

నాకు ఎవరి సాయమూ అవసరం లేదని కాదు. రెండో తాళంచెవి ఎదురింటివాళ్ళ దగ్గర ఉంటుంది. ఉదయం నా వీధి కిటికీ తెరుచుకోకపోతే వాళ్ళు వచ్చి చూస్తారు. వయోవృద్ధుల కోసం ప్రభుత్వం 14567 నంబరు పెట్టింది, మంచిదే. కానీ స్నానాల గదిలో పడ్డవాడి ఫోను మంచం మీద ఉంటుంది.

ఈ పనులన్నిటికీ కలిపి నాకు 32,000 రూపాయలయింది. ఇక అసలు విషయం. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వృద్ధులకు నెలకు 4,000, వికలాంగులకు 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైన పక్షవాత రోగులకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. నేనూ తీసుకుంటున్నాను, అది లేకపోతే నాకు మందులు లేవు. కానీ పింఛను మనిషికి, కుర్చీ మనిషికి. ఇంటికి ఏమీ లేదు. మనిషి పూర్తిగా మంచాన పడ్డాక నెలనెలా 15,000 ఇచ్చే ఖజానా, పడకుండా కాచుకోవడానికి ఒక్కసారి 30,000 ఇచ్చేందుకు పద్దు పెట్టుకోలేదు. ఒక కార్యాలయంలో అడిగితే, ‘ఇది మా పరికరాల జాబితాలో రాదండీ’ అన్నారు. రాదని నాకూ తెలుసు. మార్చమంటున్నది ఆ జాబితానే.

చట్టానికి కొరత లేదు. ఫలానా చోటే ఉండాలని వికలాంగులను నిర్బంధించరాదని, ఇంటి దగ్గరే సేవలు, సహాయకుల తోడ్పాటు అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. వయోవృద్ధుల కోసం 2007లో తెచ్చిన చట్టమేమో జిల్లాకు కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం గురించి మాట్లాడుతుంది. ఆ 150 మంది పోను మిగిలినవాళ్ళంతా ఉండేది ఇళ్ళలోనే కదా!

జపాన్‌లో 2000లో మొదలైన దీర్ఘకాల సంరక్షణ బీమాలో ఇంటి మరమ్మతులకు ప్రత్యేకంగా పద్దు ఉంది. కడ్డీలు బిగించడం, గడపల ఎత్తుపల్లాలు తీసేయడం, జారని నేల వేయడం, తలుపు మార్చడం, కూర్చునే మరుగుదొడ్డి పెట్టడం వంటి పనులు రెండు లక్షల యెన్ల వరకు అందులోకి వస్తాయి. ఖర్చులో చిన్న వాటా ఇంటివాళ్ళు పెట్టుకుంటారు. నేను మేస్త్రీతో గొడవపడి చేయించుకున్న పనులే ఆ జాబితాలో ఉన్నాయి. మనకు అంత డబ్బు లేదని అంటారేమో. మన దగ్గర కూలీ రేటు కూడా అంత లేదు, బండలు ఊరి చివరే దొరుకుతాయి.

కొత్తగా ఉద్యోగులు కూడా అక్కర్లేదు. పింఛను ఇచ్చే గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు గుమ్మం దాకా వస్తూనే ఉన్నారు. 2024 ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవాళ్ళు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళు కోరితే పోలింగ్ సిబ్బంది ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. ఓటుకు వచ్చినవాళ్ళు టేపు పట్టుకుని రాలేరా? వార్డుకు సౌకర్యాల కార్యదర్శి, గ్రామానికి ఇంజినీరింగ్ అసిస్టెంటు ఉన్నారు. కుర్చీ మంజూరు చేసే ముందే వీళ్ళలో ఒకరు వెళ్ళి తలుపు, గడప, స్నానాల గది కొలిచి రాసుకోవాలి. పని పూర్తయ్యాక చూసి మేస్త్రీకి నేరుగా చెల్లిస్తే డబ్బు పక్కదారి పట్టదు. అద్దె ఇళ్ళ దగ్గర చిక్కే, యజమాని ఒప్పుకోవాలి. అక్కడ గోడకు నాలుగు కడ్డీలు బిగించినా ఎంతో మేలు.

ఇంకా కట్టని ఇళ్ళలోనైతే ఇది మరీ తేలిక. పట్టణాల్లో సెంటు స్థలంలో 340 చదరపు అడుగుల నమూనాతో పేదలకు ఇళ్ళు కట్టించారు. అంత చిన్న ఇంట్లోనూ స్నానాల గదికి మూడడుగుల ద్వారబంధం పెట్టవచ్చు, గోడలో నాలుగు ఇటుకలు మిగులుతాయి కూడా. ఇకముందు మంజూరు చేసే ఇళ్ళకు ద్వారబంధాల ఆర్డరు ఇవ్వకముందే నమూనాలో ఈ ఒక్క కొలత మార్చాలని గృహనిర్మాణ శాఖను కోరుతున్నాను. నా స్నానాల గది కొలతలు, వాలుబాట లెక్క కాగితం మీద గీసి ఉంచాను. ఏ ఇంజినీరుకైనా పనికొస్తాయంటే పత్రికకు పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
తాడిపత్రి, అనంతపురం జిల్లా