సోషల్ వర్క్ విభాగాధిపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విభాగాధిపతి గారికి,

ఫీల్డ్‌వర్క్ రికార్డు రాయడం సరిగ్గా నేర్పించాలని మేమిచ్చిన రెండు వినతిపత్రాలకూ జవాబు రాలేదు కనుక అందరి ముందూ రాస్తున్నాం.

చిలీలో సైనిక పాలకుడు పినోచెట్ నియంతృత్వ కాలంలో, 1976లో చర్చి ప్రారంభించిన వికారియా దె లా సోలిదారిదాద్ అనే మానవ హక్కుల సంస్థలో సోషల్ వర్కర్లు, ప్రభుత్వ బలగాలు పట్టుకెళ్లాక మాయమైనవారి ఇంటివాళ్లను కూర్చోబెట్టి వివరాలు రాసుకున్నారు: తీసుకెళ్లిన తేదీ, చోటు, చూసినవాళ్లు. 1990లో ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక ఆ మరణాలు, అదృశ్యాలపై విచారించిన రెట్టిగ్ కమిషన్‌కు ఆ ఫైళ్లు గట్టి ఆధారమయ్యాయి. 1992 చట్టంతో కుటుంబాలకు పింఛను వచ్చింది.

ఫైల్లో తేదీ లేకపోతే బిడ్డను పోగొట్టుకున్న తల్లి ప్రతి ఆఫీసులోనూ మొదటినుంచి చెప్పుకోవాలి. చెప్పిన ప్రతిసారీ పుండు రేగుతుంది. మన విద్యార్థులేమో ఫీల్డ్‌వర్క్ రికార్డును మార్కుల కోసమే నింపుతున్నారు. తప్పు వాళ్లది కాదు, మనం నేర్పలేదు.

వచ్చే సెమిస్టర్ నుంచి ఈ చరిత్రను సిలబస్‌లో చేర్చండి. బాధితురాలి మాటలు ఆమె మాటల్లోనే, మన అభిప్రాయం వేరే పేరాలో, తేదీతో, సంతకంతో రాయడం నేర్పించండి. నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్లు