అక్కకు ఆపరేషన్ అక్కర్లేదన్నారు: అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

గుంతకల్లులో మా అక్కకు పెద్ద ఆపరేషన్ అని తెలిసి చాలామంది ఫోన్లు చేశారు, డబ్బు సర్దారు, రక్తం ఇస్తామని పేర్లు రాయించారు. మీ అందరికీ ముందు ఒక మాట. అక్కకు ఆపరేషన్ లేదు. ఆమె కడుపులో ఉన్నది గడ్డే కాదని తేలింది. అది ఎవరివల్ల, ఎట్లా తేలిందో చెప్పకుండా ఊరికే థ్యాంక్స్ అనడానికి నాకు మనసొప్పలేదు.

కిడ్నీలో రాయి నొప్పికని తీసిన సీటీ స్కాన్‌లో పాంక్రియాస్ (క్లోమం) తోక, అంటే ఎడమవైపు చివర, దగ్గర 1.5 సెంటీమీటర్ల గుండ్రటి ముద్ద కనిపించింది. రక్తంలోకి మందు ఎక్కించి తీసిన ఫొటోల్లో బాగా మెరిసింది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డలు) అక్కడ వస్తాయి, అట్లాగే మెరుస్తాయి. వాటిని పట్టడానికి డోటా అనే మందు ఎక్కించి తీసే గాలియం డోటా పెట్ స్కాన్‌లో కూడా అది వెలిగేసరికి మేమంతా నీరుగారిపోయినాం. పాంక్రియాస్ తోక, దాంతోపాటు స్ప్లీన్ (ప్లీహం) తీసేయాలన్నారు. స్ప్లీన్ లేకపోతే కొన్ని ఇన్ఫెక్షన్లు ప్రాణం మీదికి రావచ్చు, అందుకని ముందే టీకాలు వేయించుకోవాలి. షుగర్ కూడా రావచ్చన్నారు. అక్క అన్నీ విని, కుట్టాల్సిన బట్టల లెక్క రాసిపెట్టడం మొదలుపెట్టింది.

అనంతపురంలోని రేడియాలజిస్టు మేడంకు నా మొదటి నమస్కారం. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. రిపోర్టు చేతికిస్తే పక్కన పెట్టి, "సీడీ తెచ్చినారా?" అని అడిగారు. మందు ఎక్కించకముందు తీసిన ఫొటోలు, ఎక్కించిన వెంటనే తీసినవి, కాసేపటికి తీసినవి అన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ఆ ముద్ద తెలుపూ స్ప్లీన్ తెలుపూ ప్రతి దాంట్లోనూ ఒకేలా ఉన్నాయి. "ఇది ఇంకో చిన్న స్ప్లీన్ కావచ్చు. అది తేల్చే పరీక్ష ఒకటుంది, అది చేయించినాకే ఆపరేషన్ సంగతి ఆలోచించండి" అన్నారు.

బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు, ఐదో వారం ప్రాంతంలో, స్ప్లీన్ చిన్న చిన్న మొగ్గలుగా మొదలై ఒకటిగా కలిసిపోతుందంట. ఒక్కోసారి ఒక మొగ్గ కలవకుండా అరటిచెట్టు పక్కన పిలకలాగా విడిగా ఉండిపోతుంది. నూటికి పదిమందికి పైనే ఇట్లా ఉంటుందని, చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదని మేడం చెప్పారు. ఎక్కువగా స్ప్లీన్‌లోకి రక్తనాళాలు పోయేచోటే ఉంటుంది. కొందరికి పాంక్రియాస్ తోకలో ఉంటుంది, చిక్కంతా అక్కడే. మామూలు స్ప్లీన్ కూడా డోటా మందును పీల్చుకుంటుంది కాబట్టి పెట్ స్కాన్‌లో వెలగడం వింత కాదన్నారు. మొదట చూసినవాళ్ళను నేను తప్పుపట్టను, రెండూ నిజంగానే అంత ఒకేలా కనబడతాయి.

బెంగళూరులో ఆ పరీక్ష చేసిన న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోని టెక్నీషియన్ అన్నకు రెండో నమస్కారం. భయంతో వణుకుతున్న అక్కకు ప్రతిదీ తెలుగులోనే విడమరిచి చెప్పాడు. ఆమె రక్తమే కొంచెం తీసి, స్కాన్‌లో వెలిగే టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపి, ఎర్రకణాలు దెబ్బతినేటట్టు సుమారు 49 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచి, మళ్ళీ ఆమెకే ఎక్కించారు. దెబ్బతిన్న ఎర్రకణాలను ఏరి పట్టుకోవడం స్ప్లీన్ పని. ట్యూమర్ ఆ పని చేయలేదు. స్క్రీన్ మీద పెద్ద స్ప్లీన్ వెలిగింది, ఆ ముద్ద ఉన్నచోట కూడా వెలిగింది. సూది గుచ్చి ముక్క తీయాల్సిన పని కూడా పడలేదు.

ఆపరేషన్ తేదీ ఇచ్చిన సర్జన్ గారికి కూడా మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కొత్త రిపోర్టు చూసి ఒక్క క్షణం తటపటాయించకుండా, "చాలా సంతోషం, ఇంటికి పోండమ్మా" అన్నారు. ఆ మాట అనగలిగే పెద్దమనసు అందరికీ ఉండదు.

బావతో పాటు డీజిల్ షెడ్డులో పనిచేసే అన్నలు, తమ్ముళ్ళు ఆపరేషన్ లేదని తెలిసినా బ్లడ్ బ్యాంకుకు పోయి రక్తం ఇచ్చి వచ్చారు. ఎవరికో పనికొస్తుందన్నారు. మీకేం చెప్పాలో నాకు మాటలు రావడం లేదు.

ఇట్లాంటి రిపోర్టు చేతిలో పెట్టుకుని దిగులుపడుతున్నవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ చేయండి, మాకు జరిగింది చెప్తాను. మీదీ ఇదే అని మాత్రం అనుకోవద్దు. అక్కడ వచ్చేవాటిలో నిజమైన ట్యూమర్లూ ఉంటాయి, వాటికి వైద్యం ఆలస్యం చేయకూడదు. సీడీ మొత్తం తీసుకుపోయి, ఇది స్ప్లీన్ ముక్క అయ్యే వీలుందా అని మీ డాక్టరునే అడగండి.

సర్దిన డబ్బులు బావ ఈ వారంలోనే ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తాడు. అక్క సోమవారం నుంచి అంగడి తెరుస్తుంది. పెళ్ళి జాకెట్లు ఇచ్చి ఇన్నాళ్ళూ ఓపిక పట్టిన అక్కచెల్లెళ్ళు వచ్చి కొలతలు ఒకసారి సరిచూసుకోండి.